మెడికల్ ఎథిక్స్‌లో ఉద్యోగం ఉంటుందా? ఎంబీబీఎస్ రెండో ఏడాది నుంచే చేయాల్సిన పని

ప్రశ్న: మాది గుంతకల్లు. మా అమ్మాయి ఎంబీబీఎస్ రెండో ఏడాది చదువుతోంది. కాలేజీలో ఎథిక్స్ క్లాసులు మొదలైనప్పటి నుంచి, పీజీ అవసరం లేదు, మెడికల్ ఎథిక్స్‌లోకి వెళ్తానంటోంది. అదొక ఉద్యోగమా? డాక్టరు మంచిగా నడుచుకోవడానికి మళ్లీ వేరే చదువు దేనికి? ఇప్పుడు మేం ఏం చేయాలి?

జవాబు: అయ్యా, మీ అమ్మాయి చెప్పే పని నిజంగానే ఉంది. వైద్యంలో, పరిశోధనల్లో రోగికి అన్యాయం జరగకుండా చూడటమే ఆ పని. అయితే ఎంబీబీఎస్ కాగానే ఎథిక్స్ కోసమని పిలిచి ఉద్యోగం ఇచ్చేవాళ్లు దాదాపు లేరు. ఈ పనిలో ఉన్నవాళ్లకు ముందు ఇంకో వృత్తి ఉంటుంది. ఫార్మకాలజీ (మందుల శాస్త్రం) ప్రొఫెసరో, కమ్యూనిటీ మెడిసిన్ (ప్రజారోగ్యం) డాక్టరో, లాయరో, మందుల చదువైన ఫార్మ్ డి చేసినవారో అయ్యుంటారు. అందులో నిలదొక్కుకున్నాక దాని మీద ఎథిక్స్ నేర్చుకుంటారు. కాబట్టి పీజీ వద్దనుకోవడం తొందరపాటు. ఏ పీజీ అన్నదే ఆలోచించాలి.

మంచిగా నడుచుకోవడానికి చదువు దేనికని అడిగారు. దానికి జవాబు మన తెలుగు జిల్లాల్లోనే ఉంది. 2009లో అప్పటి మన రాష్ట్రంలోని ఖమ్మం జిల్లాలో, పది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా వేసే ప్రాజెక్టు నడిచింది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను అడ్డుకునే టీకా అది. పద్నాలుగు వేల మంది దాకా వేయించుకున్నారు. వాళ్లలో గిరిజన హాస్టళ్ల పిల్లలు చాలామంది. తల్లిదండ్రులు సంతకం పెట్టాల్సిన చోట ఎన్నో ఫారాల మీద వార్డెన్లు, హెడ్మాస్టర్లు పెట్టారు. ఆ తర్వాత కొందరు పిల్లలు చనిపోయారు. విచారణలో ఆ మరణాలకు టీకా కారణమని తేలలేదు. అయినా 2010 ఏప్రిల్‌లో ప్రాజెక్టు ఆగిపోయింది. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం సమ్మతి తీసుకున్న తీరును తీవ్రంగా తప్పుపట్టింది. పనికొచ్చే టీకా మీద జనంలో అనుమానం మిగిలిపోయింది. సంతకం ఎవరిది ఉండాలి, పిల్లకు ఏదైనా అయితే ఎవరు ఎవరికి ఎన్ని గంటల్లో చెప్పాలి అనేవి మంచి మనసుతో వాటంతటవే తెలిసే సంగతులు కావు. కూర్చుని నేర్చుకోవాలి.

ఈ పని ఎక్కువగా జరిగేది ఎథిక్స్ కమిటీలో. మనుషుల మీద చేసే పరిశోధనలను ముందే పరిశీలించి అనుమతి ఇచ్చేది ఆ కమిటీయే. 2019లో వచ్చిన కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనల ప్రకారం ట్రయల్ (కొత్త మందును మనుషుల మీద పరీక్షించి చూడటం) జరిగే ఆసుపత్రి కమిటీలో కనీసం ఏడుగురు ఉండాలి. సగం మంది ఆ సంస్థకు బయటివాళ్లు కావాలి, అధ్యక్షులు కూడా బయటివారే. న్యాయం తెలిసినవారు, ఒక మహిళ, వైద్యంతో సంబంధం లేని మామూలు పౌరుడు తప్పనిసరి. డాక్టరు చదవని కోణంలో కాగితం చదివేది ఆ మామూలు పౌరుడే. అందుకే కమిటీలో ఆయన మాట చాలా విలువైనదని నా అభిప్రాయం. మెంబర్ సెక్రటరీ మాత్రం సంస్థలోని మనిషే. ఫైళ్లు, ఉత్తరాలు, మినిట్స్, గడువులు అన్నీ ఆ కుర్చీ మీదే నడుస్తాయి. మీ అమ్మాయి ముందుముందు ఆశపడదగ్గ కుర్చీ అదే.

ఆ కుర్చీలో కూర్చున్నవాళ్లు ఏం చూస్తారో ఒక్క కాగితంతో చెప్తాను. కర్నూలు పెద్దాసుపత్రికి ఆదోని, ఎమ్మిగనూరు వైపు నుంచే కాదు, అటు గద్వాల నుంచీ, ఇటు రాయచూరు నుంచీ జనం వస్తారు. అలాంటి ఆసుపత్రిలో ఒక కొత్త మందు ట్రయల్‌లో, చదువు రాని రైతు చేరుతున్నాడనుకోండి. సమ్మతి పత్రం ఆయనకు అర్థమయ్యే భాషలో ఉండాలి. ఆయన ఇంట్లో కన్నడమో ఉర్దూనో మాట్లాడితే తెలుగు కాగితం చాలదు. చదవలేని మనిషి కాబట్టి, ట్రయల్‌తో ఏ సంబంధమూ లేని సాక్షి ఒకరు మొదటి మాట నుంచి చివరి దాకా పక్కనే ఉండి వినాలి, ఆ తర్వాతే వేలిముద్ర, సాక్షి సంతకం, తేదీ. మాటలన్నీ అయిపోయాక వార్డు బాయ్‌ను పిలిచి సాక్షి సంతకం పెట్టించడం అందరికీ అలవాటైన తప్పు. అది సాక్ష్యం కిందకు రాదు.

అదే ఫారంలో వయసు, చదువు, వృత్తి, ఏడాది ఆదాయం, నామినీ పేరు రాసే గడులుంటాయి. చాలామంది వాటిని తేలిగ్గా తీసుకుంటారు. ట్రయల్ వల్ల ప్రాణం పోతే పరిహారం లెక్క 8 లక్షల రూపాయల మూలమొత్తంతో మొదలై, వయసును, అప్పటికున్న జబ్బు తీవ్రతను బట్టి మారుతుంది. "అరవై ఉంటాయేమో రాసుకో నాయనా" అన్నాడని అరవై వేసేస్తే, నిజానికి యాభై రెండేళ్ల మనిషైతే, ఆ ఇంటికి అందాల్సిన డబ్బు తగ్గిపోతుంది. ఆధార్ కార్డు చూసి రాయడానికి పట్టేది నిమిషం. నామినీ గడి ఖాళీగా వదిలితే డబ్బు ఎవరి చేతికివ్వాలన్న దగ్గరే ఫైలు ఆగుతుంది. సంతకాలయ్యాక ఒక ప్రతి రోగికి ఇచ్చి పంపాలి. రోగి ఆసుపత్రిలో చేరాల్సినంత తీవ్రమైన ఇబ్బంది ఏదైనా వస్తే, పరిశోధకుడు 24 గంటల్లో కమిటీకి, మందు కంపెనీకి, కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థకు తెలపాలి. పూర్తి నివేదికకు గడువు 14 రోజులు.

మందు లేని పరిశోధనల్లో చిక్కు మరో రకంగా ఉంటుంది. బేతంచెర్ల పాలిష్ రాళ్ల యూనిట్లలో కూలీల ఊపిరితిత్తులు పరీక్షించాలనుకుందాం. యజమాని గేటు తీస్తాడు, కూలీలను వరసగా నిలబెడతాడు. ఆయన ఇచ్చింది లోపలికి రావడానికి అనుమతి మాత్రమే. ఊదే పరీక్ష చేయించుకోవాలా వద్దా అన్నది ఒక్కో కూలీ విడిగా చెప్పాల్సిన మాట, యజమాని, మేస్త్రీ పక్కన లేనప్పుడు చెప్పాల్సిన మాట. ఫలితం కూలీ చేతికే ఇవ్వాలి. జబ్బున్నవాళ్ల పేర్ల జాబితా యజమానికి చేరితే మర్నాడు వాళ్లకు పని ఉండదు. జబ్బు తేలినవాళ్లను ఏ ఆసుపత్రికి పంపుతారో పరిశోధన మొదలుకాకముందే రాసి ఉండాలి. ఆ ఒక్క వాక్యం లేకపోతే కమిటీ ఫైలు వెనక్కి పంపడం న్యాయం.

ఇక మీ అమ్మాయి ఇప్పుడు చేయాల్సింది. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) వాళ్లు ఎంబీబీఎస్ విద్యార్థుల కోసం 1979 నుంచి షార్ట్ టర్మ్ స్టూడెంట్‌షిప్ నడుపుతున్నారు. రెండు నెలల చిన్న పరిశోధన. కమ్యూనిటీ మెడిసిన్‌లోనో ఫార్మకాలజీలోనో ఓపికగా దిద్దే గైడ్‌ను ముందు వెతుక్కోమనండి. టాపిక్ చిన్నదిగా ఉండాలి, ఓపీలో వంద మందిని అడిగి ముగించగలిగేంత. కమిటీకి ఇవ్వాల్సినవి ప్రోటోకాల్ (పరిశోధన ఎలా చేస్తారో రాసిన పత్రం), తెలుగు, ఇంగ్లిషు సమాచార పత్రాలు, సమ్మతి పత్రాలు, ప్రశ్నావళి, గైడ్ బయోడేటా, విభాగాధిపతి అనుమతి. ప్రతి కాగితం మీద వెర్షన్ నంబరు, తేదీ ఉండాలి. లేకపోతే దిద్దిన కాగితమేదో, పాతదేదో తర్వాత ఎవరికీ తెలియదు. కమిటీ రోజూ కూర్చోదు కాబట్టి ఈ కాగితాలు పని మొదలుపెట్టే తేదీకి రెండు మూడు నెలల ముందే చేరాలి.

విద్యార్థులు ఎక్కువగా పడిపోయేది ఒక్కచోటే. ముందు వివరాలు సేకరించేసి తర్వాత అనుమతికి వెళ్తారు. జరిగిపోయిన పనికి వెనకటి తేదీతో అనుమతి ఇచ్చే అధికారం ఏ కమిటీకీ లేదు, ఆ డేటా పారేయాల్సిందే. పీజీలో క్లినికల్ ట్రయల్‌ను థీసిస్‌గా తీసుకుంటే ఇంకో గడప ఉంది. మొదటి రోగిని చేర్చుకోకముందే దేశంలో ట్రయల్స్ నమోదు చేసే సీటీఆర్ఐ రిజిస్ట్రీలో నమోదు కావాలి. 2018 ఏప్రిల్ నుంచి ఆలస్యపు నమోదులు తీసుకోవడం లేదు.

ఓపీలో ప్రశ్నలు అడిగే తీరు కూడా నేర్చుకోవాలి. చీటీ పట్టుకుని వరుసలో నిలబడ్డ మనిషిని తెల్లకోటు వేసుకున్న అమ్మాయి వచ్చి అడిగితే, కాదంటే డాక్టరు చూడరేమోనని ఆయన భయపడతాడు. డాక్టరు చూసి, మందులు రాసి పంపాక, కూర్చోబెట్టి అడగాలి. ఫారం మీద పేరు, ఆధార్ నంబరు వద్దు, కోడ్ నంబరు చాలు. ఏ కోడ్ ఎవరిదో రాసిన పుస్తకం గైడ్ బీరువాలో ఉండాలి. కేస్‌షీట్ ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టే అలవాటుంటే ఈ రోజే మానేయాలి.

పీజీ సంగతి. ఎథిక్స్‌కు దగ్గరి దారులు ఎండీ ఫార్మకాలజీ, ఎండీ కమ్యూనిటీ మెడిసిన్, ఎండీ ఫోరెన్సిక్ మెడిసిన్. మూడూ మూడేళ్లవే. ట్రయల్స్ ఇష్టమైతే ఫార్మకాలజీ. కమిటీ కోరంలో (సమావేశానికి తప్పక హాజరు కావాల్సిన సభ్యుల్లో) వైద్య శాస్త్రవేత్త స్థానానికి వీలైతే ఫార్మకాలజిస్టే ఉండాలని నిబంధనలే అంటాయి. ఊళ్లు, సర్వేలు ఇష్టమైతే కమ్యూనిటీ మెడిసిన్. చట్టం, నిర్లక్ష్యం కేసులు, సమ్మతి వివాదాలు ఇష్టమైతే ఫోరెన్సిక్. క్లినికల్ బ్రాంచీలకంటే వీటికి పోటీ తక్కువ, మెడికల్ కాలేజీల్లో అధ్యాపక ఉద్యోగాలు ఉంటాయి. ప్రైవేటు ప్రాక్టీసు రాబడి మాత్రం ఉండదు. ఈ సంగతి ఇంట్లో ఇప్పుడే దాపరికం లేకుండా మాట్లాడుకోండి. నన్నడిగితే, మీ అమ్మాయికి రోగుల మధ్య ఉండటమే ఇష్టమైతే జనరల్ మెడిసినో గైనిక్కో చేసి, కమిటీలో క్లినీషియన్ సభ్యురాలిగా ఉండటమూ మంచి దారే. అలాంటివాళ్లు కమిటీలకు చాలా అవసరం.

ఎథిక్స్ చదువు పీజీ తర్వాత, ఉద్యోగం చేస్తూనే చేయొచ్చు. మంగళూరు యెనెపోయలో బయోఎథిక్స్ పీజీ డిప్లొమా ఉంది, బెంగళూరు నేషనల్ లా స్కూల్‌లో మెడికల్ లా, ఎథిక్స్ డిప్లొమా ఉంది. గుంతకల్లు నుంచి బెంగళూరు రాత్రి రైలు దూరమే. ఈలోపు ఐసీఎంఆర్ 2017 నాటి జాతీయ ఎథిక్స్ మార్గదర్శకాలు ఉచితంగా డౌన్‌లోడ్ చేసుకుని, సమ్మతి మీద అధ్యాయం ముందు చదవమనండి.

ఇంట్లో బైపీసీ చదివే తమ్ముడో చెల్లెలో ఉంటే ఫార్మ్ డి కూడా చూడండి. ఆరేళ్ల కోర్సు, ఈఏపీసెట్ ద్వారా ప్రవేశం. అనంతపురంలోనే చదువుకోవచ్చు. ట్రయల్ కోఆర్డినేటర్, మందుల దుష్ప్రభావాలు నమోదు చేసే ఫార్మకోవిజిలెన్స్ ఉద్యోగాలు హైదరాబాద్, బెంగళూరుల్లో వీళ్లకే ఎక్కువ.

ఏ బ్రాంచి తీసుకున్నా మీ అమ్మాయికి రోజూ తగిలే నియమాలు కొన్నున్నాయి. డాక్టర్ల కోసం 2023 ఆగస్టులో తెచ్చిన కొత్త వృత్తి నిబంధనలను ఆ నెలలోనే పక్కనపెట్టారు కాబట్టి 2002 నాటివే అమల్లో ఉన్నాయి. ఇన్‌పేషెంట్ రికార్డు మూడేళ్లు దాచాలి, రోగి అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. మందుల కంపెనీల నుంచి కానుకలు, ప్రయాణాలు తీసుకోకూడదు. ఆపరేషన్ సమ్మతి విషయంలో 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది: పరీక్షకు ఇచ్చిన సమ్మతి ఆపరేషన్‌కు పనికిరాదు, ప్రాణం మీదికి వస్తే తప్ప. హౌస్ సర్జన్‌గా రాత్రి డ్యూటీలో సమ్మతి పత్రం తనే పట్టుకెళ్లాల్సి వచ్చినప్పుడు ఆపరేషన్ పేరు రాయని ఖాళీ ఫారం మీద ఎవరి చేతా వేలిముద్ర వేయించవద్దని ఇప్పుడే చెప్పి ఉంచండి. సీనియర్లు తొందరపెట్టినా సరే, ముందు పేరు రాసి, చదివి వినిపించి, ఆ తర్వాతే ఇంకు ప్యాడ్ తీయమనండి.