మెజారిటీ లేని ప్రభుత్వం విదేశాలకు సైన్యాన్ని పంపగలదా?

సొంత బలం లేని ప్రభుత్వం పరాయి దేశానికి సైన్యాన్ని పంపాలంటే లోక్‌సభలో ఓటింగ్ పెట్టాలా అని అడిగారు. మన దగ్గర అక్కర్లేదు. అది కేబినెట్ నిర్ణయం. సభలో చర్చ జరగొచ్చు, రభసా జరగొచ్చు, కానీ ముందే అనుమతి తీసుకోవాలని రాజ్యాంగంలో లేదు. కెనడాలో 2006లో హార్పర్ మైనారిటీ ప్రభుత్వం అఫ్గానిస్తాన్ మిషన్ పొడిగింపును ఓటుకు పెట్టి 149–145తో గట్టెక్కింది. మనకు ఆ అలవాటు లేదు.

నాకు ఈ సంగతులు పుస్తకాలకంటే ముందు ఉత్తరాల్లో తెలిశాయి. తిరుమలగిరిలో మా ఎదురింటి పెద్దమ్మ కొడుకు ఐపీకేఎఫ్‌తో (మన దేశం శ్రీలంకకు పంపిన శాంతి పరిరక్షక సైన్యం) అక్కడికి వెళ్లాడు. ఆమెకు చదువు రాదు, ఉత్తరాలు నేనే చదివిపెట్టేవాణ్ని. అన్న చిరునామాలో ఊరి పేరు ఉండేది కాదు. యూనిట్, కింద 56 ఏపీఓ అని సైనిక తపాలా నంబరు, అంతే. "ఏడున్నడో రాసిండా బిడ్డా?" అని ప్రతిసారీ అడిగేది. బాగున్నాననీ, వానలు పడుతున్నాయనీ మాత్రమే రాసేవాడు. రేడియోలో లంక ఉత్తరాన ఉన్న జాఫ్నా పేరు వినపడితే చాలు, చేటలో బియ్యం అలాగే వదిలేసి మా గుమ్మంలోకి వచ్చేది.

ఆ సైన్యాన్ని 1987లో పంపింది 400కు పైగా సీట్లున్న రాజీవ్ గాంధీ. 1990 మార్చికి పూర్తిగా వెనక్కి తెచ్చింది తర్వాతి ప్రధాని వి.పి.సింగ్. ఆయన జనతాదళ్‌కు 143 సీట్లే, ఒకపక్క బీజేపీ, ఇంకోపక్క కమ్యూనిస్టులు బయటినుంచి మోశారు. (ఆయన కూటమి నేషనల్ ఫ్రంట్‌కు చైర్మన్ మన ఎన్టీఆరే. తెలుగుదేశానికి మాత్రం లోక్‌సభలో రెండే సీట్లు!) అయితే శ్రీలంక అధ్యక్షుడు ప్రేమదాస పొమ్మన్నాక ఉపసంహరణ రాజీవ్ హయాంలోనే మొదలైంది, కాబట్టి క్రెడిట్ మొత్తం సింగ్‌కి ఇవ్వను.

పంపిన ఉదాహరణా ఉంది. 1993 జులైలో అవిశ్వాసం నుంచి 14 ఓట్ల తేడాతో బయటపడ్డ పీవీ మైనారిటీ ప్రభుత్వం, ఆ ఏడాదే సొమాలియాకు ఒక బ్రిగేడ్‌ను పంపింది. ఐక్యరాజ్యసమితి జెండా కింద వెళ్లింది కాబట్టి అది నెగ్గుకొచ్చిందని నా అభిప్రాయం.

అసలు టెన్షన్ మద్దతిచ్చే పార్టీతోనే. 1991 గల్ఫ్ యుద్ధంలో అప్పటి ప్రధాని చంద్రశేఖర్ ఒక్క జవానునూ పంపలేదు. అమెరికా సైనిక విమానాలను ఇక్కడ ఇంధనం నింపుకోనిచ్చారు, అంతే. మద్దతిస్తున్న కాంగ్రెస్ కన్నెర్ర చేసేసరికి ఫిబ్రవరిలో అది ఆగిపోయింది. మార్చిలో ఆయనే రాజీనామా చేశారు, దానికి సాకు వేరే: రాజీవ్ ఇంటి దగ్గర హర్యానా కానిస్టేబుళ్ల నిఘా.

ఐపీకేఎఫ్ ఆఖరి దళం మద్రాసులో దిగినప్పుడు ముఖ్యమంత్రి కరుణానిధి స్వాగతానికి వెళ్లలేదు. దానిమీద పేపర్లలో బోలెడు రాశారు. అన్న ఆ ఊసే ఎత్తలేదు. ఇంటికొచ్చిన సాయంత్రం బొగ్గుముక్క తీసుకుని గోడమీద లంక బొమ్మ గీసి, పైకొసన చుక్క పెట్టాడు. "ఈడున్ననమ్మా" అన్నాడు.