ఇంటిని అతిథులకు అద్దెకిచ్చేవారి సందేహాలు: ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మైపాడు తీరానికి దగ్గరలో మా తండ్రిగారు కట్టించిన డాబా ఇల్లు ఉంది. మేము అందులోనే కాపురం ఉంటున్నాము. శని, ఆదివారాల్లో నెల్లూరు నుంచి వచ్చే కుటుంబాలకు రెండు గదులు ఇవ్వాలనుకుంటున్నాము. గిరాకీ బాగుంటే మేడమీద మరో రెండు గదులు వేయాలన్న ఆలోచన కూడా ఉంది. నీటి అంచు నుంచి మా గుమ్మం వరకు అడుగులు వేసి కొలిస్తే దాదాపు 250 మీటర్లు వచ్చింది. పంచాయతీ అనుమతి సరిపోతుందా?
– ఒక పాఠకుడు, ఇందుకూరుపేట మండలం

జవాబు: సరిపోదు. మీ ఇంటి విషయంలో పంచాయతీ కంటే ముందు చూడవలసింది తీరప్రాంత నియంత్రణ జోన్ నిబంధనలు, అంటే అందరూ సీఆర్‌జెడ్ అని పిలిచేవి. కేంద్ర పర్యావరణ శాఖ 2011లోను, ఆ తరువాత 2019 జనవరిలోను జారీచేసిన నోటిఫికేషన్ల ప్రకారం సముద్రపు ఒడ్డున పోటు రేఖ నుంచి భూమి వైపు 500 మీటర్ల వరకు ఈ నియంత్రణ వర్తిస్తుంది. ఈ దూరాన్ని కొలిచేది మీరు కొలిచినట్లు నీటి అంచు నుంచి కాదు. అత్యధిక పోటు సమయంలో నీరు చేరే గీత నుంచి కొలుస్తారు. ఆ గీత మామూలుగా మనకు కనిపించే నీటి అంచుకు చాలా ఇవతల, ఒక్కొక్కచోట సరుగుడు తోటల దాకా ఉంటుంది కనుక, మీ 250 మీటర్లు అధికారిక పటంలో 200 మీటర్ల లోపుకు వచ్చినా ఆశ్చర్యపోనక్కరలేదు.

ఆ 200 మీటర్లకు ఇంత ప్రాధాన్యం ఎందుకంటే, గ్రామీణ తీరంలో సాధారణంగా అంతవరకు ఉన్న భూమిని కొత్త నిర్మాణాలు నిషిద్ధమైన జోన్‌గా పరిగణిస్తారు. 2011 జనాభా లెక్కల ప్రకారం చదరపు కిలోమీటరుకు 2,161 మందికి మించి జనసాంద్రత ఉన్న గ్రామాలకు 2019 నోటిఫికేషన్ ఈ దూరాన్ని 50 మీటర్లకు తగ్గించింది. మీ గ్రామం ఏ విభాగంలోకి వస్తుందో, మీ సర్వే నంబరు గీతకు ఏ వైపున ఉందో ఆమోదిత తీరప్రాంత నిర్వహణ పటం చూసి నిర్ధారించుకోవాలి. ఇందుకు కలెక్టరు అధ్యక్షతన జిల్లా స్థాయి కమిటీ ఉంటుంది. దానికి సర్వే నంబరుతో సహా రాతపూర్వకంగా దరఖాస్తు చేయండి. ఎవరో నోటిమాటగా ‘ఏం కాదులే’ అన్నదాన్ని నమ్మి ఇటుక దింపుకోవద్దు.

ఇక మీకు అనుకూలమైన అంశం ఒకటుంది. మత్స్యకారులు సహా స్థానికులు తమ ఇళ్లలో అతిథులకు బస కల్పించుకోవడాన్ని 2019 నోటిఫికేషన్ గుర్తించింది. అయితే ఉన్న ఇంటి ప్లింత్ విస్తీర్ణం (ఇల్లు ఆక్రమించిన నేల కొలత), నమూనా, ముఖభాగం మారకూడదన్నది అందులోని షరతు. కాబట్టి ఇప్పుడున్న రెండు గదులను ఇవ్వడానికి మార్గం ఉంది కానీ, మేడమీద గదులు వేయగానే మీరు ఆ షరతును దాటినట్లవుతుంది. నిషిద్ధ జోన్‌లో ఉన్నట్లు తేలితే, అనుమతితో కట్టిన పాత ఇంటికి మరమ్మతులు చేసుకోవడానికి, ఉన్నంత మేరకు తిరిగి కట్టుకోవడానికి మించి ఆశించవద్దు. మత్స్యకార కుటుంబాల సొంత నివాసాలకు కొన్ని సడలింపులు ఉన్నమాట నిజమే అయినా, వాటి ఉద్దేశం నివాసమే కానీ అద్దె గదులు కాదు. కట్టిన గదులకు పంచాయతీ ఇంటి పన్ను వసూలు చేసింది కనుక అవి సక్రమమైపోయాయని మన ఊళ్లలో చాలామంది అనుకుంటారు. పన్ను రసీదు నిర్మాణానికి అనుమతిపత్రం కాదు.

మీరు ఆ ఇంట్లోనే ఉంటున్నారు కనుక కేంద్ర పర్యాటక శాఖ నిర్వహించే ‘ఇన్‌క్రెడిబుల్ ఇండియా’ హోమ్‌స్టే గుర్తింపుకు కూడా దరఖాస్తు చేసుకోవచ్చు. యజమాని కుటుంబం అదే ఇంట్లో నివసించాలి, అతిథులకిచ్చే గదులు ఒకటి నుంచి ఆరు వరకు, పడకలు 12 వరకు మాత్రమే ఉండాలి అన్నవి దాని ప్రధాన నియమాలు.

ప్రశ్న: నెల్లూరులో బారాషహీద్ దర్గాకు నడిచివెళ్లేంత దూరంలో మా ఇల్లు ఉంది. ఏటా రొట్టెల పండుగ రోజుల్లో పై అంతస్తును దూరప్రాంతాల నుంచి వచ్చే భక్తులకు ఇస్తుంటాము. నాలుగైదు రోజుల ముచ్చటకు కూడా నియమాలు ఉంటాయా?
– ఒక గృహిణి, నెల్లూరు

జవాబు: మొహర్రం రోజుల్లో ఈ పండుగకు దర్గా పక్కనున్న స్వర్ణాల చెరువు వద్దకు వచ్చే జనసందోహానికి లాడ్జీలు చాలవని మాకూ తెలుసు. మీవంటివారు గది ఇవ్వడం వల్లనే చాలా కుటుంబాలకు తలదాచుకునే చోటు దొరుకుతున్నది. అయినా డబ్బు తీసుకుని ఇచ్చినంతవరకు ఆ ఆదాయాన్ని మీ ఆదాయపు పన్ను లెక్కలో చూపవలసిందే. దాని కంటే ముఖ్యమైనది భద్రత. వచ్చిన ప్రతి పెద్దవారి గుర్తింపు కార్డు నకలు, ఫోను నంబరు, వచ్చిన తేదీ, వెళ్లిన తేదీ ఒక పుస్తకంలో రాసి ఉంచండి. పండుగకు ముందే స్థానిక పోలీస్ స్టేషన్‌కు ఒక లేఖ ఇచ్చి, దాని నకలుపై ముద్ర వేయించుకుంటే మంచిది.

అతిథుల్లో విదేశీ పాస్‌పోర్టు ఉన్నవారుంటే, వారు వచ్చిన 24 గంటల్లోగా విదేశీయుల నమోదు అధికారికి ఆన్‌లైన్‌లో వివరాలు పంపడం తప్పనిసరి. జిల్లాల్లో ఈ బాధ్యతను ఎస్పీ చూస్తారు. అమెరికా పౌరసత్వం తీసుకున్న మన తెలుగువారు మన ఇంటి పిల్లల్లాగే కనిపించినా, చట్టం దృష్టిలో వారూ విదేశీయులే.

ప్రశ్న: ఉద్యోగరీత్యా హైదరాబాదులో ఉంటున్నాను. ఒంగోలులో ఖాళీగా ఉన్న నా ఫ్లాటును హోమ్‌స్టేగా ఎయిర్‌బీఎన్‌బీ అనే గదుల బుకింగ్ యాప్‌లో పెట్టాను. అపార్టుమెంట్ సంఘం అభ్యంతరం చెబుతోంది. నా ఫ్లాటు, నా ఇష్టం కాదా?
– ఒక పాఠకుడు, హైదరాబాదు

జవాబు: మీరు వాడిన హోమ్‌స్టే అన్న మాటే ఇక్కడ సరిపోదు. యజమాని ఉండని ఇంటిని రోజువారీగా ఇస్తే అది స్వభావరీత్యా లాడ్జి వ్యాపారమే అవుతుంది. ఫ్లాటు మీదే అయినా మెట్లు, లిఫ్టు, పార్కింగు అందరివీ. సంఘం నియమావళి ప్రతి తెచ్చుకుని, నివాసేతర వినియోగం గురించి ఏమున్నదో ముందు చదవండి. నిషేధం ఉంటే సర్వసభ్య సమావేశంలో తీర్మానం కోరాలే గానీ, వాచ్‌మన్‌కు తాళంచెవి ఇచ్చి నెట్టుకురావడం ఎక్కువ రోజులు సాగదు.

గృహ వినియోగ మీటరుపై వ్యాపారం నడపడం మరో చిక్కు. 2003 విద్యుత్ చట్టంలోని 126వ సెక్షన్ కింద దీన్ని అనధికార వినియోగంగా తేల్చితే, వర్తించే టారిఫ్‌కు రెట్టింపు చొప్పున లెక్కగడతారు. ఎప్పటి నుంచి జరుగుతున్నదో తేల్చలేకపోతే 12 నెలల కాలానికి వేస్తారు. ఆస్తి పన్ను కూడా నివాస భవనాలకు ఒక రేటు, నివాసేతర భవనాలకు మరొక రేటు కనుక, నగరపాలక సంస్థకు వినియోగం మార్పు గురించి మీరే తెలియజేయండి.

జీఎస్టీ గురించి మీరు భయపడనవసరం లేదు. మీ మొత్తం వార్షిక టర్నోవరు 20 లక్షల రూపాయలు దాటనంతవరకు, యాప్ ద్వారా వచ్చిన బుకింగులపై పన్ను కట్టే బాధ్యత ఆ సంస్థదే. రోజుకు 7,500 రూపాయల వరకు ఉన్న గదులకు 2025 సెప్టెంబరు 22 నుంచి ఈ పన్ను 5 శాతం.

ప్రశ్న: కొత్తపట్నంలో మా ఇంటికి వచ్చిన అతిథులకు భోజనం కూడా పెట్టవచ్చా?
– ఒక పాఠకురాలు, ప్రకాశం జిల్లా

జవాబు: పెట్టవచ్చు. డబ్బు తీసుకుని వండిపెడుతున్నారు కనుక ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ వద్ద నమోదు చేయించుకోండి. చిన్న వంటింటికి అది పెద్ద ఖర్చు కాదు. మద్యం మాత్రం లైసెన్సు లేకుండా ఒక్క సీసా అమ్మినా నేరమే. చేపల పులుసుతో సరిపెట్టండి.