ఫ్లూ లెక్కల్లో సున్నా కూడా లెక్కే

అందరికీ టెస్టు చేయకుండానే ఫ్లూ పెరిగిందని ఎలా చెబుతారు, ఇందులో స్వచ్ఛందంగా పాల్గొనే డాక్టర్లు చేసేదేమిటి అని అడిగారు. నేను జనరల్ ప్రాక్టీస్ డాక్టర్ని, ఫ్లూ కేసుల లెక్కలు సేకరించే ఒక నెట్‌వర్క్‌కి కొన్నేళ్లు రిపోర్టులు పంపాను. చూసింది చెబుతాను.

అసలు ప్రతి కేసునీ లెక్కపెట్టడం ఎవరివల్లా కాదు, ఆ అవసరమూ లేదు. కొన్ని క్లినిక్‌లని ఎంచుకుని, అవే క్లినిక్‌ల నుంచి వారం వారం ఒకే పద్ధతిలో లెక్క తీసుకుంటారు. దీన్నే సెంటినల్ సర్వైలెన్స్ అంటారు. ఎవరిని లెక్కలోకి తీసుకోవాలో కూడా మన ఇష్టం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్వచనం ప్రకారం 38 డిగ్రీల సెల్సియస్ లేదా అంతకు మించిన జ్వరం, దాంతో పాటు దగ్గు, మొదలై 10 రోజుల లోపే అయి ఉండాలి. ఉత్త జలుబుతో వచ్చినవాళ్లు ఇందులోకి రారు. కొన్ని దేశాల్లో ఈ కొలత కొద్దిగా వేరుగా ఉంటుంది, కానీ ఏది పెట్టుకున్నా సీజన్ మధ్యలో మార్చకూడదు, మారిస్తే గత వారంతో పోల్చడానికి ఏమీ మిగలదు.

నా టేబుల్ మీద ఒక నోట్‌బుక్ ఉండేది. అలాంటి పేషెంట్ వచ్చినప్పుడల్లా వయసు గ్రూపు కింద ఒక గీత, వారం చివర గీతలన్నీ కూడి, ఆ వారం మొత్తం ఎంతమందిని చూశానో కూడా రాసి పంపడం. ఈ రెండో అంకె చాలామందికి అనవసరం అనిపిస్తుంది గానీ ప్రాణమంతా అందులోనే ఉంది. 400 మందిలో 20 మంది అంటే 5 శాతం, 200 మందిలో అదే 20 అంటే 10 శాతం. గీతలు అన్నే, పరిస్థితి మాత్రం పూర్తిగా వేరు.

ఒకసారి వరుసగా రెండు వారాలు ఒక్క కేసూ రాలేదని నేను రిపోర్టే పంపలేదు. నెట్‌వర్క్ నుంచి ఫోన్ చేసి, సున్నా అయితే సున్నా అని పంపండి, మీరు ఊరుకుంటే కేసులు లేవో మీరు సెలవులో ఉన్నారో మాకెలా తెలుస్తుంది అన్నారు. నిజమే కదా. మామూలు రోజుల్లో ఎంత ఉంటుందో తెలిస్తేనే పెరుగుదల ఎక్కడ మొదలైందో కనబడుతుంది. ఆ మాట నాకు ఇప్పటికీ గుర్తే.

జ్వరం, దగ్గు ఉన్నంత మాత్రాన ఫ్లూ అని చెప్పలేం, చాలా వైరస్‌లతో ఇవే లక్షణాలు వస్తాయి. అందుకే కొందరి నుంచి ముక్కులో, గొంతులో స్వాబ్ తీసి ల్యాబ్‌కి పంపుతాం, జ్వరం మొదలైన మూడు నాలుగు రోజుల్లోపు తీస్తే వైరస్ దొరికే అవకాశం ఎక్కువ. చిన్నపిల్లలైతే అమ్మ ఒడిలో కూర్చోబెట్టి తల కదలకుండా పట్టుకోమంటాం, కొన్ని క్షణాల పని, కళ్లలో నీళ్లు మాత్రం తిరుగుతాయి. స్వాబ్‌ని గులాబీ రంగు ద్రవం ఉన్న ట్యూబులో ముంచి, పుల్ల విరిచి, మూత బిగించి ఐస్ ప్యాక్‌ల మధ్య పెడతాం. మామూలు ఫ్రీజర్‌లో మాత్రం పెట్టకూడదు, శాంపిల్ పాడవుతుంది.

అక్కడ పీసీఆర్ అనే, వైరస్ జన్యువుని గుర్తించే టెస్టులో అది ఫ్లూనేనా, అయితే ఏ రకమో తేలుతుంది: హెచ్1ఎన్1, హెచ్3ఎన్2, లేదా బి. కొన్ని శాంపిళ్లు జాతీయ ఇన్‌ఫ్లుయెంజా కేంద్రాల మీదుగా ప్రపంచ ఆరోగ్య సంస్థ ల్యాబ్‌ల దాకా వెళ్తాయి. 1952 నుంచి నడుస్తున్న వ్యవస్థ ఇది. దీని సమాచారంతోనే ఏటా రెండుసార్లు, ఫిబ్రవరిలో ఉత్తరార్ధగోళానికి, సెప్టెంబర్‌లో దక్షిణార్ధగోళానికి, టీకాలో ఏ రకాలు ఉండాలో సిఫార్సు చేస్తారు. బి/యమగాటా అనే రకం 2020 మార్చి తర్వాత ఎక్కడా ఖాయంగా దొరకలేదు, అందుకే దాన్ని టీకాలోంచి తీసేయమన్నారు. లేదని చెప్పాలన్నా ఎవరో ఒకరు వెతుకుతూనే ఉండాలి కదా!

మీరు డాక్టరై చేరాలనుకుంటే, డబ్బు కోసం అయితే వద్దు. సమయం పెద్దగా పట్టదు. మీరు సెలవులో ఉన్నప్పుడు ఆ నోట్‌బుక్‌లో గీతలు ఎవరు గీస్తారో మాత్రం చేరకముందే తేల్చుకోండి.