పుకార్ల లెక్కలు చదువుతానంటోంది, ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ చివరి సంవత్సరం, మ్యాథ్స్, స్టాటిస్టిక్స్, కంప్యూటర్స్ గ్రూపు. మేము ఎంసీఏ చేయిద్దామనుకుంటున్నాం. తనేమో అంటువ్యాధుల మోడల్స్‌తో సోషల్ మీడియాలో వార్తలు ఎలా పాకుతాయో చదువుతానంటోంది. బయాలజీ ముట్టని పిల్లకి ఈ అంటువ్యాధుల గొడవేమిటి? దీనికి ఉద్యోగాలుంటాయా? ఒకటే టెన్షన్‌గా ఉంది. - ఒక తల్లి, కూకట్‌పల్లి

జవాబు: బయాలజీ గురించి బెంగ వద్దమ్మా. ఇందులో ఉన్నవన్నీ లెక్కలే. 1927లో కెర్మాక్, మెకెండ్రిక్ అనే ఇద్దరు జనాన్ని మూడు భాగాలు చేశారు: ఇంకా రోగం సోకనివాళ్లు, సోకి ఇతరులకు అంటించేవాళ్లు, ఇక అంటించలేనివాళ్లు. ఒక భాగం నుంచి ఇంకో భాగంలోకి ఎంత వేగంగా వెళ్తారన్నది డిఫరెన్షియల్ ఈక్వేషన్లతో చెప్పారు. వాటిని మీ అమ్మాయి డిగ్రీలో ఈపాటికే చదివి ఉంటుంది. అన్నట్టు, 1897లో మన సికింద్రాబాద్‌లో దోమ కడుపులో మలేరియా క్రిమిని పట్టుకున్న రోనాల్డ్ రాస్ కూడా తర్వాత మలేరియా వ్యాప్తికి ఈక్వేషన్లు రాసినవాడే.

రోగం లెక్క పుకారుకు ఉన్నదున్నట్టు సరిపోదు. అసలు రుచి అక్కడే ఉంది. జ్వరం తగ్గడానికి ఎదుటివాడితో పనిలేదు, దాని రోజులు అది తీసుకుంటుంది. పుకారు అలా కాదు. మనం ఆత్రంగా చెప్పబోతే, అవతలి మనిషి 'ఆ, ఎప్పుడో తెలుసులే' అన్నాడనుకోండి, మన ఉత్సాహం అక్కడే చప్పబడుతుంది. డేలీ, కెండాల్ అనే గణితవేత్తలు 1960లలో ఈ ఒక్క సంగతినే ఈక్వేషన్లలో పెట్టారు. జనం అందరూ ఒకరితో ఒకరు కలుస్తారనుకుని, ఒక్కడితో మొదలుపెడితే, పుకారు చల్లారేసరికి దాదాపు 20 శాతం మంది చెవిన అది పడనే పడదని తేలింది. వేగం పెంచినా ఆ 20 శాతం మారదు, పుకారు త్వరగా ముగుస్తుంది, అంతే. మీ అమ్మాయిని ఇది కాగితం మీద సాధించి చూపించమనండి. ఒక సాయంత్రం దానితో కుస్తీ పట్టి, ఇంకా ఏదో అడగాలనిపిస్తే ఈ దారి తనదే. విసుగొస్తే ఆ సంగతి ఇప్పుడే తెలియడం మంచిది.

నిజానికి అందరూ అందరితో కలవరు. కొందరికి వందమంది ఫాలోయర్లు, కొందరికి కోటిమంది. అలాంటి నెట్‌వర్కుల్లో చాలా నీరసంగా అంటుకునే వైరస్ కూడా చల్లారకుండా బతికేయగలదని పాస్టర్-సాటోరాస్, వెస్పిన్యానీ అనే ఇద్దరు భౌతికశాస్త్రవేత్తలు 2001లో చూపించారు. ఇంకో చిక్కు: వైరస్‌కు ఒక్క తాకిడి చాలు, మనిషి నమ్మడానికి మాత్రం చాలాసార్లు నలుగురైదుగురి నోట వినాలి. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోతున్నారన్న పుకార్లతో జనం అమాయకుల్ని కొట్టి చంపిన తర్వాత వాట్సాప్ మన దేశంలో ఫార్వర్డ్‌ను ఒకేసారి 5 చాట్లకే పరిమితం చేసింది. 5 సరిపోతుందా, 1 చేయాలా అన్నది గాల్లో తేల్చే ప్రశ్న కాదు, ఇలాంటి లెక్క కావాలి.

ఇక ఉద్యోగం. 'పుకార్ల మోడలింగ్ నిపుణులు కావలెను' అని ఎవరూ ప్రకటన వేయరు. డిగ్రీ పేరుగా దీన్ని వెతకొద్దు, పునాది గట్టిగా వేసుకోమనండి: ప్రాబబిలిటీ, స్టాటిస్టిక్స్, గ్రాఫ్ థియరీ (నెట్‌వర్కుల లెక్కలు), పైథాన్ ప్రోగ్రామింగ్. నెట్‌వర్క్ మీద ఒకటి ఇంకోదానికి ఎలా పాకుతుందో చూడగలిగిన పిల్ల బ్యాంకుల్లో మోసాలు పట్టే టీముల్లో, సోషల్ మీడియా కంపెనీల్లో తప్పుడు సమాచారం మీద పనిచేసే టీముల్లో, ప్రజారోగ్య సంస్థల్లో పనికొస్తుంది. మొదటి ఉద్యోగం మాత్రం చాలామందికి డేటా అనలిస్ట్‌గానే వస్తుంది. ఈ అంశంలోనే పూర్తికాలం పనిచేయాలంటే పీహెచ్‌డీ దాకా వెళ్లాలి. అది ఏళ్ల పని, ఇంట్లో ముందే మాట్లాడుకోండి.

నా ఓటు ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్‌కే. సెంట్రల్ యూనివర్సిటీకి సీయూఈటీ పీజీ, ఉస్మానియాకు సీపీగెట్, ఐఐటీలకు జామ్ రాయాలి. చదువు మంచిదైతే చాలు, ఊరు దాటి పంపడానికి అభ్యంతరం లేదంటే ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ (ఐఎస్ఐ) ఎం.స్టాట్‌ను మించింది కనిపించదు. ప్రవేశ పరీక్ష మాత్రం గట్టిది.

చివరి సంవత్సరం ప్రాజెక్టుకి వాట్సాప్‌ను పట్టుకోవద్దనండి. అక్కడి మెసేజ్‌లు ఎన్‌క్రిప్టెడ్, బయటివాళ్లకు కనిపించవు. స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ వాళ్ల స్నాప్ అనే నెట్‌వర్క్ డేటా సంకలనంలో 2012 జూలైలో హిగ్స్ బోసాన్ అనే కణం దొరికిందన్న వార్త ట్విట్టర్‌లో పాకిన తీరు డేటా ఉచితంగా దొరుకుతుంది, 4.5 లక్షలకు పైగా ఖాతాలు. పైథాన్‌లో నెట్‌వర్క్‌ఎక్స్ అనే లైబ్రరీతో ముందు చిన్న ముక్క తీసుకుని మొదలుపెట్టవచ్చు. మోడల్ ఎక్కడ డేటాతో కుదరలేదో రాసిన రెండు పేజీలే ఇంటర్వ్యూలో ఎక్కువ పనికొస్తాయి.

ఎంసీఏ కోసం ఐసెట్ కూడా రాయించండి, నష్టం లేదు. కానీ ఎమ్మెస్సీ సీటు చేతికొచ్చాక మాత్రం, 'పక్కింటివాళ్లబ్బాయి ఎంసీఏ చేసి ఎంత సంపాదిస్తున్నాడో చూడు' అని భోజనాల దగ్గర తనను సతాయించకండి.