రూపాయికి ఒక కానీ

నాయనా,

బందరు రైలు లైను మీద నువ్వు రాసిన కథ రెండుసార్లు చదివాను. ఇంజను పొగ, పొలాల మీదుగా వచ్చే కూత చక్కగా పట్టుకున్నావు. అయితే "తెల్లవాళ్లు మనకు రైలు వేశారు" అన్న దగ్గర మనసు చివుక్కుమంది. డబ్బెవరిదని అడిగావా?

1908లో బెజవాడ నుంచి బందరుకు మీటరు గేజి లైను వేయించింది కృష్ణా జిల్లా బోర్డు, అంటే జిల్లా రోడ్లూ బడులూ చూసుకునే స్థానిక సంస్థ. 1916లో వచ్చిన తెనాలి-రేపల్లె లైను గుంటూరు బోర్డుది. వీళ్లకంటే ముందు ఈ దారి తొక్కింది తమిళ జిల్లా తంజావూరు. అక్కడి బోర్డు భూమి శిస్తు మీద రైలు సెస్సు, అంటే అదనపు పన్ను, వేసింది, శిస్తు రూపాయికి 3 పైలు. మన పెద్దల మాటలో ఒక కానీ. ఆ డబ్బుతో 1894లో మాయవరం నుంచి ముత్తుపేట దాకా పట్టాలు పడ్డాయి. 1903కి అరంతాంగి చేరాయి. బండ్లు నడిపింది మాత్రం సౌత్ ఇండియన్ రైల్వే కంపెనీ.

లెక్క కట్టి చూడు, అణాకి 12 పైలు. 20 రూపాయల శిస్తు ఉన్న రైతు ఏటా రైలు కోసం మరో 5 అణాలు ఇవ్వాలి. రోడ్లకీ బడులకీ కట్టే సెస్సు వేరే. శిస్తు రోజున కరణం ముందు నిలబడి, రొంటిన దోపుకున్న చిల్లర తీసి లెక్కపెట్టే ఆ మనిషి నాకు కావాలి. అతను జన్మలో రైలెక్కాడో లేదో! నేనూ మొదట్లో ఇంజను గురించే పేజీలకు పేజీలు రాశాను. ఈ మనిషి కనిపించడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

అలాగని "మనమే కట్టుకున్నాం" అని పొంగిపోకు. 1884 చట్టంతో జిల్లా బోర్డులు వచ్చాయి గానీ, ఆ తొలి రోజుల్లో అధ్యక్షుడి కుర్చీ కలెక్టరుదే. సెస్సు కట్టేవాడికి, లైను ఎటు పోవాలో చెప్పే నోరు లేదు. ఇంకో సంగతి కూడా మర్చిపోకు. తొలినాటి పెద్ద రైలు కంపెనీల్లో ఇంగ్లండు వాటాదారులకు ప్రభుత్వం 5 శాతం వడ్డీ పూచీ ఇచ్చి, రాబడి తక్కువైతే మన ఖజానా నుంచి పూడ్చేది. జిల్లా బోర్డు లైను అలా కాదు, జిల్లా ఆస్తి. నా మటుకు నాకు ఆ తేడా చాలా పెద్దది. దాన్ని ఒక్క వాక్యంలో దాటేయకు.

పాత జిల్లా గెజిటీర్లు, అంటే జిల్లాల వివరాలు రాసిన సర్కారు పుస్తకాలు తెరిచి, స్థానిక నిధుల అధ్యాయం ఓపిగ్గా చదువు. తర్వాత మళ్లీ రాసి పంపు. గుడివాడ స్టేషనులో ముసలమ్మ దిగే ఘట్టం అలాగే ఉంచు. దానికి ముందు కరణం అరుగు రావాలి.