కాళ్ల క్రీము మీద రాసే మాటలు

గుంటూరు

చి. అమ్మాయికి బాబాయి ఆశీస్సులు.

నువ్వు విజయవాడ నుంచి పంపిన నీ కాళ్ల క్రీము ట్యూబు, దాని కరపత్రం ప్రూఫు అందాయి. క్రీముకు వంక పెట్టను. మీ పిన్ని నాలుగు రోజులుగా రాత్రి కాళ్లు కడుక్కుని మడమలకు రాస్తోంది, దుప్పటికి గీసుకోవడం తగ్గిందంటోంది. కరపత్రమే బాగా లేదు. "షుగర్ పుళ్లు పది రోజుల్లో మాయం" అని ఎవరు రాయమన్నారే నిన్ను?

నీ దగ్గరున్నది కాస్మెటిక్ లైసెన్సు. శుభ్రం, అందం, నునుపు: నీ హద్దు అంతవరకే. జబ్బు నయమవుతుందన్నావా, అది మందు లెక్కలోకి పోతుంది. పైగా ఫలానా జబ్బులకు మందుందని ప్రకటించడమే నేరమంటూ 1954లోనే ఒక చట్టం వచ్చింది, ఆ జాబితాలో మధుమేహం ఉంది. మొదటిసారికే ఆరు నెలల దాకా జైలు. 2019 వినియోగదారుల చట్టం కింద తప్పుదోవ పట్టించే ప్రకటనకు 10 లక్షల దాకా జరిమానా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా.

చట్టం అలా ఉంచు. పట్నంబజారులో షాపు నడిపే రోజుల్లో మిర్చి యార్డు హమాలీ ఒకాయన ఆనెకాయకు పట్టీ అడిగాడు. డబ్బా మీద "అందరికీ సురక్షితం" అని ఉంది. నేనూ అదే చదివి ఇచ్చేశాను, షుగర్ ఉందా అని అడగలేదు. వారానికి మళ్లీ వచ్చి చెప్పు విప్పాడు. పట్టీ చుట్టూ చర్మం తెల్లగా నానిపోయి ఉంది, మధ్యలో రూపాయి బిళ్లంత గుంట. "నొప్పేం లేదండీ" అన్నాడు. నా గుండె జారింది అక్కడే. ఆ పట్టీలో ఉండేది సాలిసిలిక్ యాసిడ్. ఆనెనూ తింటుంది, పక్కన మంచి చర్మాన్నీ తింటుంది. షుగర్‌తో నరాలు మొద్దుబారిన కాలికి ఆ మంట తెలియదు. రెండు నెలలు బస్తా ఎత్తలేదాయన, డ్రెస్సింగులకే తిరిగాడు. డబ్బా మీద మాట కంపెనీది, అమ్మిన చెయ్యి నాది.

నీ క్రీములో యూరియా, గ్లిజరిన్ ఉన్నాయి కాబట్టి "పొడిబారిన మడమలను మెత్తబరుస్తుంది" అని ధైర్యంగా రాసుకో. దాని కిందే "వేళ్ల సందుల్లో రాయవద్దు. పుండు, చీము ఉంటే, షుగర్ ఉండి కాళ్లు తిమ్మిరెక్కుతుంటే ముందు డాక్టరుకు చూపించండి" అని కూడా వెయ్యి. గొప్పలు తెలుగులో పెద్దక్షరాలతో కొట్టి, జాగ్రత్తలు మాత్రం ఇంగ్లీషులో చీమతలకాయంత వేస్తే కుదరదు. ప్రకటన ఏ భాషలో ఉంటే హెచ్చరికా ఆ భాషలోనే ఉండాలని, తప్పుదోవ పట్టించే ప్రకటనల మీద కేంద్రం ఇచ్చిన 2022 మార్గదర్శకాల్లో ఉంది. "వేప, పసుపు కాబట్టి సైడ్ ఎఫెక్టులు లేవు" అన్నది తీసెయ్. పసుపు పడనివాళ్లూ ఉంటారు. "డాక్టర్లు మెచ్చినది" కూడా తీసెయ్, ఏ డాక్టరని అడిగితే ఏం చెప్తావు?

ఇంకోటి, నువ్వెంత జాగ్రత్తపడినా తెనాలి డీలరు వాట్సాప్‌లో తన సొంత పోస్టరు వదులుతాడు. మాటలు నువ్వు ఒప్పుకున్నవే ఉండాలని అగ్రిమెంటులో రాయించు.

మార్చిన ప్రూఫు ఫోన్‌లో పంపకు, కాగితం మీద తీయించి కొరియర్ చెయ్యి. అట్టపెట్టె మీద అక్షరాలు ఎంత సైజులో ఉంటాయో అంతలోనే. కళ్లజోడు లేకుండా మీ పిన్ని చేత చదివిస్తాను.

మీ బాబాయి