తెల్లబట్ట రిపోర్టు ఎలా చదవాలంటే

అమ్మడూ,

పర్లాకిమిడి ల్యాబు రిపోర్టులో 'పస్ సెల్స్ 4–6' (అంటే చీము కణాలు) అని చూసి కంగారు పడ్డావట. ఆ అంకె ఒక్కటే చూస్తే లాభం లేదు. పక్కనే 'ఎపిథీలియల్ సెల్స్' ఎన్నో చూడు. అవి యోని లోపలి పొర నుంచి రోజూ రాలే కణాలు. పస్ సెల్స్ వాటికన్నా తక్కువుండి, దురద, మంట, వాసన ఏవీ లేకపోతే మందు అక్కర్లేదు. రోజుకు చెంచాడు దాకా తెల్లబట్ట తెల్లగానో, నీళ్లలాగో అవడం మామూలే. నెల మధ్యలో గుడ్డు తెల్లసొనలా సాగుతుంది. బట్ట మీద ఆరాక లేత పసుపు మరక కడుతుంది, దానికీ భయం లేదు.

లాక్టోబాసిల్లై అనే మేలు చేసే బాక్టీరియా ఉన్నాయంటే మంచిదే. పీహెచ్‌ను, అంటే లోపలి పులుపు కొలతను, 3.8–4.5 మధ్య ఉంచేవి అవే. నెలసరి రక్తం తగిలినా, ముందు రోజు మీ ఆయనతో కలిసినా పీహెచ్ పెరిగి కనిపిస్తుంది. అందుకే మళ్లీ శాంపిల్ ఇవ్వాల్సొస్తే రెండు రోజుల ముందు నుంచి కలవకు, లోపల కడగకు, లోపల పెట్టే మాత్రలు వాడకు.

'క్లూ సెల్స్' (బాక్టీరియా అంటుకున్న ఎపిథీలియల్ సెల్స్) ఉన్నాయని రాసి, పల్చటి బూడిద రంగు డిశ్చార్జి, చేపల వాసన కూడా ఉంటే బాక్టీరియల్ వజైనోసిస్, అంటే మేలు చేసే బాక్టీరియా తగ్గి వేరేవి పెరిగిన జబ్బు అనుకోవాలి. మైక్రోస్కోపులో బాక్టీరియాను చూసి వేసే నుజెంట్ స్కోరు ఇస్తే 0–3 మామూలు, 7–10 జబ్బు, 4–6 మధ్యస్థం. దీనికి డాక్టర్లు ఎక్కువగా మెట్రోనిడజోల్ అనే యాంటీబయోటిక్ వారం రోజులకు రాస్తారు. వాసన పోయిందని మధ్యలో మానేయకు.

ఎక్కువమంది పొరబడేది కల్చర్ (శాంపిల్‌లోని క్రిములను ల్యాబులో పెంచి చూసే పరీక్ష) దగ్గరే. కాండిడా అనే ఫంగసో, ఈ కోలై అనే పేగు బాక్టీరియానో పెరిగిందని రాగానే మందుల షాపుకి పరిగెత్తుతారు. ఏ బాధా లేని ఆడవాళ్లలోనూ ఇవి ఉంటాయి. దురద, పెరుగు విరిగినట్టు తెల్లటి ముద్దలు ఉంటేనే కాండిడాకు మందు.

'ట్రైకోమోనాస్ నిల్', అంటే కలయికతో అంటుకునే ఆ క్రిమి లేదు అన్నమాట మాత్రం పూర్తిగా నమ్మకు. ఆ క్రిమి కదలికను శాంపిల్ తీసిన గంటలోపే మైక్రోస్కోపులో చూడాలి. శాంపిల్ బరంపురం దాకా బస్సులో వెళితే అది కదలడం మానేస్తుంది, ల్యాబువాళ్లకు దొరకదు. నురగతో పచ్చటి డిశ్చార్జి ఉంటే ఆ సంగతి డాక్టరమ్మకు చెప్పు. ఒడియా రాకపోతే మీ అత్తగారినో, నర్సునో తోడు తీసుకెళ్లు, సిగ్గుపడి సగం దాచకు. ట్రైకోమోనాసే అని తేలితే మీ ఆయనా నీతోపాటే మందు వాడాలి. ఇద్దరి మందూ అయ్యి, బాధ తగ్గేదాకా దూరంగా ఉండండి.

పొత్తికడుపు నొప్పి, జ్వరం, కలిసిన తర్వాత రక్తం, కడుపుతో ఉండగా నీళ్లలా కారడం, వీటిలో ఏది కనిపించినా రిపోర్టు కోసం ఆగకుండా ఆస్పత్రికి వెళ్లు.

నీ పెద్దమ్మ